నా దగ్గర దాచిన నాలుగంకెలు

విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లో మా వీధి ఆడవాళ్లందరూ మా పంచలోనే కూర్చుంటారు. పొద్దు తిరిగేదాకా అక్కడ నీడ ఉంటుంది, కళ్యాణదుర్గం నుంచి వచ్చే బస్సులో ఎవరు దిగారో కూడా కనిపిస్తుంది. కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెపట్ట కప్పి, తోలు మెత్తబడ్డాక ఒలుస్తాం. మిషన్లో వేస్తే గింజ పగులుతుంది, విత్తడానికి పనికిరాదు. నాలుగు రోజులు ఒలిచేసరికి బొటనవేలి చర్మం అద్దంలా నున్నగా అయిపోతుంది. అప్పుడు రేషన్ మిషన్ మా వేలిని గుర్తుపట్టదు, ఫోనూ గుర్తుపట్టదు. అందుకే అందరూ ఫోన్లకు వేలు వద్దనుకుని అంకెలు పెట్టుకున్నారు.

ఆ అంకెలన్నీ నా తలలో ఉండేవి. నేను చదివింది మూడో తరగతి. కానీ ఒకసారి చెవిన పడింది నాకు పోదు. ఎవరి ఆవు ఏ అమావాస్యకు ఈనిందో, ఏ ఏడు ఏ చేలో పూత రాలిపోయిందో అడిగితే చెబుతాను. "నీ తలకాయలో పెట్టుకోక్కా, మరిచిపోతే వచ్చి అడుగుతా" అని ఒక్కొక్కరే చెప్పి పోయేవాళ్లు. బియ్యం డబ్బాలో తాళం చెవి దాచుకున్నట్టు నాలో దాచుకున్నారు. నాకూ అది గొప్పగానే ఉండేది.

నిజానికి అందులో నేను కష్టపడింది ఏమీ లేదు. దాదాపు అందరి అంకెలూ వాళ్ల వాళ్ల బోరు లోతులే. మా పక్క మనిషికి పెళ్లిరోజు గుర్తుండకపోవచ్చు గానీ తన చేలో ఎండిపోయిన బోరు ఎన్ని అడుగులో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వెయ్యి దాటినవాళ్లు ఉన్నదున్నట్టు పెట్టుకున్నారు. వెయ్యికి లోపలున్నవాళ్లు ముందొక సున్నా తగిలించుకున్నారు. మాది ఎనిమిదొందల అరవై. చివరిదాకా తెల్లదుమ్మే లేచింది, తడి తగల్లేదు. నా ఫోనూ ఆ లెక్కనే తెరుచుకునేది.

ఆ ఎండాకాలం మా చెల్లెలి కూతురికి పచ్చకామెర్లు వచ్చి, పథ్యానికి నా దగ్గరకు వచ్చింది. బెంగుళూరులో ఉద్యోగం. ఏం పని అని ఆడవాళ్లు అడిగితే, "తాళాలు పగలగొట్టేది" అంది. అందరూ నవ్వారు. అది నిజమే. కంపెనీలవాళ్లు తమ కంప్యూటర్లలోకి దొంగలు ఎట్లా దూరతారో ముందే చూపించమని వీళ్లను పెట్టుకుంటారు. వీళ్లు దూరి చూపిస్తారు. కానీ దానికి ముందు ఒక కాగితం ఉండాలి. ఏ తలుపు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఎంత లోపలికి, అన్నీ రాసి సొంతదారు సంతకం పెట్టాలి. "కాగితం లేనిదే తలుపు మీద చెయ్యి కూడా వెయ్యను పెద్దమ్మా. తెరిచి ఉన్నా వెయ్యను" అని చెప్పింది. ఉప్పులేని చారన్నం తిని, మిద్దె మెట్ల మీద సిగ్నల్ దొరికే చోట కూర్చుని పని చేసుకునేది.

ఒకరోజు పంచలో ఎవరో నన్ను పిలిచి, "అక్కా, నా నెంబరు ఎంత?" అని అడిగింది. నేను అందరి ముందే చెప్పాను. మా పిల్ల మెట్ల మీద నుంచి దిగి వచ్చింది.

"ఏంది పెద్దమ్మా, అట్ల గట్టిగా చెప్పేస్తివి?"

"దాంట్లో ఏముండాది, వాళ్ల బోరు లోతే గదా. ఊరందరికీ తెలుసు" అని ఆ నెంబరు మనిషే జవాబిచ్చింది.

మా పిల్ల ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఒక్కొక్కరి ముఖం చూసింది. "మీరు తాళంచెవి చేసి తలుపుకే తగిలిస్తాండారు" అంది. ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి నెంబర్లు మార్పించింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఎదుటి మనిషి నెంబరు కొట్టుకునేటప్పుడు మనం ముఖం పక్కకు తిప్పుకోవాలట. వాళ్ల పనిలో అది మొదటి మర్యాదట.

"మొగుడు కొట్టేటప్పుడు కూడా తిప్పుకోవాల్నా?" అని ఒకావిడ అడిగింది. ఆమె అడిగింది నెంబరు కొట్టడం గురించే. అయినా ఎవరూ నవ్వలేదు. ఎదురింటి చిన్నకోడలు అక్కడే కూర్చుని ఉంది.

ఆ చిన్నకోడలికి ఇరవయ్యారేళ్లు ఉంటాయి. ఐదేళ్ల ఆడపిల్ల తల్లి. మొగుడు బోరుబండి మీద పని చేస్తాడు. మండుటెండలో కూడా ఆమె మోచేతులు దాటిన జాకెట్టు వేసుకునేది, ఎందుకో వీధిలో అందరికీ తెలుసు. మొగుడికి చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి బోరు లోతూ తెలుసు, చాలావాటిని వేసింది అతనే. పెళ్లాం ఫోను రోజూ తెరిచి చూసేవాడు. ఎవరితో మాట్లాడింది, ఎంతసేపు మాట్లాడింది అని అడిగేవాడు. నెంబర్లు మార్చిన మర్నాడు ఆమె గంప పట్టుకుని వచ్చి, మిగతావాళ్లు పోయేదాకా ఒలుస్తూ కూర్చుంది.

"పెద్దత్తా, నేనూ మార్చినా. ఈసారి బోరు లోతు కాదు" అంది.

"మంచిది. నాకు చెప్పొద్దు" అన్నాను. మా పిల్ల చెప్పింది కదా అని.

"నీకొక్కదానికే చెప్తాండా. దీంట్లో నా దెబ్బల ఫోటోలుండాయి. మీ పాప చెప్పింది, తారీఖుతో సహా పడతాదంట. నాకేమన్నా అయితే తెరిచి ఎవరికన్నా చూపించు. దానికే."

నాలుగంకెలు చెప్పింది. దేనికోసం ఆ అంకెలు పెట్టుకుందో కూడా చెప్పింది. ఆ అంకెలు ఇక్కడ రాయను.

నెంబరు మారిందని మొగుడికి వారంలోనే తెలిసింది. చెప్పమన్నాడు, ఆమె చెప్పలేదు. ఆ దెబ్బల చప్పుడు మా పంచలోకి వినపడింది. ఫోను లాక్కుని బీరువాలో పెట్టాడు. మూడో రోజు అతను విడపనకల్లు పక్క ఏదో ఊరికి బండితో పోయిన పూట, మిట్టమధ్యాహ్నం, పిల్లను చంకనేసుకుని, ఒక చేతిసంచితో ఆమె బస్సెక్కింది. నేను పంచలో కూర్చుని చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. ఎవరమూ చెయ్యి ఊపలేదు.

నాలుగు రోజుల తర్వాత తెలియని నెంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. "బాగుండాం పెద్దత్తా. పనిలో చేరినా. పాప కూడా బాగుండాది" అని పెట్టేసింది. యాడుండావు అని నేను అడగలేదు. ఆ పది అంకెలు ఒక్కసారి చూశాను, అంతే, ఉండిపోయాయి.

ఆ మర్నాడు మొగుడూ వాళ్లమ్మా మా ఇంటికి వచ్చారు. అతని చేతిలో ఆమె ఫోను ఉంది. ఎన్నిసార్లు తప్పు కొట్టాడో, గంటసేపు ముట్టుకోవద్దని అది మూసుకుని కూర్చుందట. మా పిల్ల ముందు పెట్టాడు.

"తెరిచి ఇయ్యమ్మా. నువ్వు పెద్దపెద్ద కంపెనీలవే పగలగొడతావంట గదా."

"ఇదెవరిదన్నా?"

"నా పెండ్లాముది."

"తెరవమని ఆమె చెప్పిందా?"

"పెండ్లాం ఫోనుకి మొగుడు గాక ఇంకెవుడు సొంతదారు?"

"ఆమే."

అతను నవ్వి వాళ్లమ్మ వైపు చూశాడు. "కాగితం కావాలంట గదా నీకి. తే, యాడ పెట్టాలో చూపించు, సంతకం నేనే పెడతా."

"ఆమె పెట్టాల. మనిషి కనపడలేదంటే స్టేషన్లో చెప్పుకోండన్నా, వాళ్లకి వేరే దారి ఉంటాది. నేను మాత్రం తెరవను."

"తెరిచేది రాదని చెప్పు, పోతాం."

"వచ్చు" అంది మా పిల్ల. "తెరవను."

వాళ్లు పోయాక మా పిల్ల తలుపు గడియ పెట్టింది. నా వైపు తిరిగి, "పెద్దమ్మా, ఆ నెంబరు నీకు తెలు..." అని అడగబోయి, తానే ఆగింది. "వద్దులే. తెలిసినా నాకు చెప్పద్దు. ఎవరికీ చెప్పద్దు" అంది. పథ్యం ముగిసింది. రెండు రోజుల తర్వాత బెంగుళూరు బస్సెక్కింది.

ఆమె పోయిన మర్నాడు పొద్దున, నేను కల్లాపి చల్లుతుండగా ఎదురింటావిడ ఒక్కతే వచ్చింది. చిన్నకోడలికి అత్త, నాకంటే ఐదేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలుస్తుంది. కొంగులో నుంచి ఒక మాత్రల అట్ట తీసింది. పాపకు మూర్ఛ ఉంది, పొద్దునా సాయంత్రం మాత్ర వేయాలి. అది నాకూ తెలుసు.

"మాత్రలు మరిచిపోయిందక్కా. చూడు, అట్ట అట్లే ఉండాది. దినానికి రెండు. ఎనిమిది దినాలాయ. బిడ్డకి యాడన్నా రోడ్డు మీద వస్తే?"

ఆమె ఏడుపు నాటకం కాదు. నలభై ఏళ్లుగా ఎరిగిన మనిషి. ఆ పాపను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసి పెంచింది ఆమే.

"ఫోను తెరిచే నెంబరు నీకి తెలుసు. మీ యిద్దరూ మాట్లాడుకొనింది చూసినా. యాడుందో తెలిస్తే మాత్రలు పంపిస్తా. నా కొడుక్కి చెప్పను. బిడ్డ మీద ఒట్టు."

ఆమె కొంగులో పాప గౌను కూడా ఉంది. దాని మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. నేను ఆ అట్టను చూశాను. నిండుగా ఉంది, ఒక్క మాత్ర కూడా తీయలేదు. నా మనసులో పాప కింద పడి కొట్టుకోవడం ఒక్కటే కనపడింది. నాలుగంకెలు చెప్పాను. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెంబులో నీళ్లు కూడా ఇంకా అయిపోలేదు.

చిన్నకోడలి పది అంకెల ఫోన్ నెంబరు నా దగ్గరే ఉంది కదా, చేసి మాత్రల సంగతి అడుగుదామని నాకు ఆ క్షణం తట్టలేదు. ఇన్ని గుర్తుపెట్టుకునే తలకు ఆ ఒక్కటి తట్టలేదు.

అన్నం తిన్నాక మనసు ఆగక మా పిల్లకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆమెకి చెప్పినావా?" అని అడిగింది.

"ఎవరికి?"

"ఎవరి నెంబరో ఆమెకి. ఫోన్లో వాళ్లు మాట్లాడుకొనిందంతా ఉంటాది పెద్దమ్మా, యాడికి పొయ్యేది, ఎవరు పని చూపించింది, అంతా. ఆమెకి ఇప్పుడే చెప్తే ఈ పొద్దే ఇంకో చోటికి పోతాది. నాతో తర్వాత మాట్లాడు. ముందు ఆమెకి చెయ్యి."

"ఏమని చెప్పేది?"

"నేను చెప్పేసినా, వాళ్లు వస్తారు, అని. అంతే. మా పనిలో కూడా ఇట్లాంటివి అయితాయి. ఎవరో ఒకరు పొరపాటు చేస్తారు. అయినాక, ఎవరిది పోయిందో వాళ్లకి చెప్పకుండా కూర్చునేది ఇంకా పెద్ద తప్పు. నెంబరు నాకియ్యి, నేను చేస్తా."

"వద్దు. నేనే చేస్తాలే" అన్నాను.

అక్కడ నేను చేసింది మొదటిదాని కంటే పెద్ద తప్పు. అప్పుడే నెంబరు ఇచ్చి ఉంటే ఆ పిల్ల నిమిషంలో చెప్పేసేది. నాకు సిగ్గేసింది. నీకొక్కదానికే అని చెప్పిన మనిషికి ఏ నోటితో చెప్పను అనుకున్నాను. గేదెకు నీళ్లు పెట్టి చేద్దామనుకున్నాను. పెట్టాను. పొయ్యి మీద పప్పు దించి చేద్దామనుకున్నాను. దించాను. ఒకసారి పది అంకెలూ కొట్టి, మోగకముందే ఆపేశాను. ఎదురింటావిడ మాట ఇచ్చింది కదా, ఒట్టు పెట్టింది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎదురింటి ముందు జీపు ఆగింది చూశాను, కొడుకు ఎక్కింది చూశాను. బోరు పని మీద పోతున్నాడనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సులువు.

మర్నాడు పొద్దున్నే చేశాను. మూడు సార్లు మోగి ఎత్తారు.

"ఏం పెద్దమ్మా" అంది మొగగొంతు. "నువ్వు చేసిన మేలు మరిచిపోను."

మధ్యాహ్నానికి జీపు తిరిగి వచ్చింది. చిన్నకోడలు వెనక సీటులో కూర్చుంది, ఒళ్లో పాప నిద్రపోతోంది. హిందూపురం పక్క ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి కుదిరిందట, ఇంకో ఆమెతో కలిసి గది తీసుకుందట. గది దగ్గరికే పోయి పట్టుకున్నారు. ఎడమచేతికి తుండుగుడ్డ కట్టి మెడకు వేలాడదీశారు. దిగేటప్పుడు మా పంచ వైపు చూసింది. నేను లోపలికి పోయాను. ఆ సాయంత్రం ఆమె ఫోను రోటి మీద పెట్టి గుండ్రాయితో కొట్టారు. ఫోటోలన్నీ దానితోనే పోయాయి.

ఎదురింటావిడ వారం దాకా నా ముఖం చూడలేదు. తర్వాత ఒకరోజు నీళ్ల దగ్గర, "వాడు ఫోను నా చేతిలోంచి గుంజుకున్యాడక్కా" అంది. నిజమే అయి ఉండవచ్చు.

వీధిలో మాత్రం కథ ఇంకోరకంగా తిరిగింది. బెంగుళూరు పిల్ల పైకి నీతులు చెప్పి, లోపల ఫోను తెరిచి ఇచ్చిపోయిందని అన్నారు. దుడ్లు తీసుకుందని కూడా అన్నారు. చిన్నకోడలు అదే నమ్మింది. మా పిల్ల పేరెత్తితే ఊసేదట. పంచలో నా ముందే ఆ మాటలు నడిచేవి. నేను కాయలు ఏరుతూ కూర్చునేదాన్ని. ఎవరో మా చెల్లెలి చెవిన కూడా వేశారు. అక్కడి నుంచి ఆ పిల్లకూ తెలిసింది. అయినా ఫోన్ చేసినప్పుడు నన్ను ఆ సంగతి అడగలేదు. ఒక్క మాటే అడిగేది.

"ఆమెకి చెప్పినావా పెద్దమ్మా?"

"లేదు."

"సరే" అని, మోకాళ్ల నొప్పి ఎట్లుందో అడిగేది.

ఆ ఏడు వాన ఒక్కటి పడి, విత్తాక మొండికేసింది. చేలు మొలకలోనే మాడిపోయాయి. ఆ దిగులులో నా దిగులు కలిసిపోయి ఒక ఏడాది గడిచింది.

మళ్లీ విత్తనకాయలు వచ్చాయి. చిన్నకోడలు కూడా వచ్చి కూర్చుంది. ఎడమ మణికట్టు వంకరగా అతికింది, వేళ్లలో బలం లేదు. అందరం రెండు వేళ్లతో నొక్కి ఒలుస్తాం, ఆమె కాయను నేలకేసి కొట్టి ఒలిచేది. కొడితే గింజ రెండు బద్దలవుతుంది. కాయలిచ్చినామె చూసి, "ఏమ్మే, విత్తనానికా ఇది, చట్నీకా?" అంది. కొందరు నవ్వారు. ఆమె బద్దలన్నీ ఏరి పక్కన పెట్టుకుంటోంది, కుడిచేత్తో ఒక్కొక్కటే.

నేను అప్పుడు చెప్పాను. ముందుగా అనుకున్నది కాదు.

"మా పాప తెరవలేదు. నెంబరు నేను చెప్పినా. మీ అత్త మాత్రల అట్ట తెచ్చింది, నేను చెప్పేసినా. ఆ పొద్దే నీకు ఫోన్ చేసి చెప్పమని మా పాప మొత్తుకొనింది. నేను చెయ్యలేదు. తెల్లారి చేసినా. అప్పటికే వచ్చేసినారు."

పంచలో ఒలిచే చప్పుడు ఆగిపోయింది. ఎదురింటావిడ అక్కడే ఉంది, తల ఎత్తలేదు. చిన్నకోడలు చేతిలోని బద్దలు కింద పెట్టింది.

"మాత్రలా?" అంది. "ఆడికి పోయిన దినమే కొన్యా. ఆడ మెడికల్ షాపులు లేవనుకున్యావా పెద్దత్తా?"

నేను ఒళ్లోని పొట్టు దులిపాను.

"తెల్లారి ఎందుకు చేసినావు? ఆ పొద్దే ఎందుకు చెయ్యలేదు?"

"సిగ్గేసింది."

"సిగ్గా?" అంది. వంకర చెయ్యి ఒళ్లోకి తీసుకుని కుడిచేత్తో నిమురుకుంది. "ఆ నెంబరు ఇంకా జ్ఞాపకముండాదా నీకి?"

"ఉండాది."

"మరిచిపోకు. సచ్చేదాకా మరిచిపోకు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మళ్లీ కాయ తీసుకుని నేలకేసి కొట్టింది.

ఆ రోజు నుంచి వీధిలో ఎవరూ నా దగ్గర నెంబర్లు పెట్టడం లేదు. అందరూ మార్చుకున్నారట. నా తలలో ఉన్నవన్నీ ఇప్పుడు దేనికీ పనికిరావు, అయినా పోవు. మా పిల్లకు ఫోన్ చేసి, చెప్పినానమ్మా అన్నాను. "ఏమనింది?" అని అడిగింది. చెప్పాను. "అట్లే అంటారు పెద్దమ్మా. అననీయాల" అంది. తన మీద పడిన నింద గురించి అప్పుడు కూడా ఒక్క మాట అనలేదు.

కాయలన్నీ ఒలవడం అయిపోయాక, ఒక మధ్యాహ్నం చిన్నకోడలు మా ఇంటికి వచ్చింది. ఆమెకు ఫోను లేదు, కొనివ్వలేదు. మొగుడు బండి మీద పోయి ఉన్నాడు, అత్త పాపను బడి నుంచి తీసుకురావడానికి పోయింది.

"ఫోనియ్యి" అంది. పెద్దత్తా అనలేదు.

తెరిచి ఇచ్చాను. తీసుకుంది గానీ అంకెలు కొట్టలేదు. నిలబడే ఉంది. ఎందుకు ఆగిందో నాకు వెంటనే అర్థం కాలేదు. ఎవరికి చేస్తుందో నేను అడగలేదు, అడగను కూడా. అప్పుడు తెలిసింది, నేను ఆమె చేతివైపే చూస్తున్నాను.

గోడవైపు తిరిగాను. వెనక ఒక్కొక్క అంకే కొట్టడం మొదలుపెట్టింది. నా ఫోనులో ప్రతి అంకెకూ ఒక్కో చప్పుడు ఉంటుంది. రెండు చప్పుళ్లు వినేసరికి అవి ఏ అంకెలో నాకు తెలిసిపోయింది. గబగబా రెండు చేతులతో చెవులు మూసుకున్నాను.